చక్రవడ్డీని తిరగేస్తే

తూర్పు కనుమల గురించి రెండు అంకెలు చెప్తాను. అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో ఉన్న రాయి ఇప్పుడున్న రూపానికి వచ్చి దాదాపు వంద కోట్ల సంవత్సరాలయింది. ఆ రాయి మీద పెరిగిన అడవి ఎంత చిక్కటిదైనా సరే, 2022 దాకా హెక్టారు విలువ 10 లక్షల 43 వేల రూపాయలు దాటలేదు. మొదటిది భూగర్భశాస్త్రం చెప్పిన అంకె. రెండోది 2008 మార్చిలో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టికలో అన్నిటికన్నా పై రేటు. అడవిని గనికో, డ్యాముకో ఇచ్చేటప్పుడు దానికి బదులుగా కట్టించుకోవాల్సిన ‘నికర వర్తమాన విలువ’ అది. ఆఫీసు భాషలో ఎన్.పి.వి.

ఈ రెండు అంకెలూ ఒకే సమీకరణం కడుపున పుట్టాయి. ఏదో పోలిక కోసం అంటున్న మాట కాదు. ఒకదాంట్లో ఉన్న గుర్తు తీసి ఇంకో గుర్తు పెడితే రెండోది వచ్చేస్తుంది, అంతే తేడా. నా తగాదా అంతా ఆ మార్చిన గుర్తు గురించే.

ముందు రాయి సంగతి. ఇక్కడి రాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖోండలైట్. ఖోండుల పేరు మీద పెట్టారు, మనవైపు కోదులు అంటాం కదా, వాళ్ళ పేరు. సింహాచలం గుడి కట్టింది ఈ రాతితోనే, కోణార్క కట్టిందీ దీంతోనే. ఇదే రాయి లక్షల ఏళ్ళు వానకి నాని, ఎండకి ఎండి, కొండ నెత్తిన బాక్సైటుగా మారింది. ఇలాంటి రాళ్ళ వయసు తేల్చడానికి జిర్కాన్ అనే ఇసకరేణువంత స్ఫటికాన్ని పట్టుకుంటారు. అందులో చిక్కుకుపోయిన యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతూ ఉంటుంది. ఏ క్షణంలోనైనా ఎంత మారుతుందనేది అప్పటికి ఎంత మిగిలి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. అంతకుమించి ఆ సమీకరణంలో రహస్యం లేదు. యురేనియం 238 సగానికి తగ్గడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. దీన్ని అర్ధాయువు అంటారని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. ఎంత సీసం ఉంది, ఎంత యురేనియం మిగిలింది అని కొలిస్తే, ఎన్నేళ్ళయిందో లెక్క తేలుతుంది.

ఇప్పుడు అడవి సంగతి. ఈ అడవి ఏటా కొంత కలప, కొంత అడ్డాకు, చింతపండు, తేనె, కొన్ని నీళ్ళు, కొంత గాలి ఇస్తుంది. వాటికి ఏడాదికి ఇంత అని ఒక ధర కట్టారనుకుందాం. కట్టడమే కష్టం, ఆ గొడవ పక్కన పెడదాం. వచ్చే ఏడు వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయితో సమానం కాదంటుంది అర్థశాస్త్రం. కాబట్టి వచ్చే ఏటి రూపాయిని కొంచెం తగ్గించి రాసుకుంటారు, ఆ పై ఏటిదాన్ని ఇంకొంచెం. ఎంత తగ్గించాలనేది అప్పటికి ఎంత మిగిలి ఉందో దాన్ని బట్టి. ఇలా తగ్గించిన అంకెలన్నీ కూడితే నికర వర్తమాన విలువ. తగ్గించే వేగాన్ని డిస్కౌంట్ రేటు అంటారు. యురేనియం తరిగినట్టే అడవి విలువ కూడా తరుగుతుందన్నమాట. దానికీ అర్ధాయువు ఉంటుంది. రేటు 10 శాతం అయితే ఏడేళ్ళ మూడు నెలలు. 5 శాతం అయితే పద్నాలుగేళ్ళ పైన. ఒకటిన్నర శాతానికి కాస్త తక్కువ పెడితే యాభై ఏళ్ళు.

తేడా చూడండి. యురేనియం అర్ధాయువుని ప్రయోగశాలలో కొలిచారు. కేంబ్రిడ్జిలో కొలిచినా, హైదరాబాదులో కొలిచినా, కొలిచేవాడు గని యజమాని అయినా, గిరిజన సంఘం నాయకుడైనా అదే వస్తుంది. ఇంకా గొప్ప సంగతేమిటంటే, ఆ అంకె పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాస్తారు. అడవి అర్ధాయువుని ఎవరూ కొలవలేదు. కొలవడానికి అక్కడేమీ లేదు. ఎవరో కూర్చుని, ఇంత అని నిర్ణయించారు. నిర్ణయించడం తప్పు కాదు, ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు కూడా. నిర్ణయించినదాన్ని కొలిచినదానిలా పట్టికలో దించి, ‘శాస్త్రీయంగా మదింపు చేశాం’ అనడం దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది.

నేను పొద్దున్నించి రాత్రిదాకా చేసే ఉద్యోగం ఇలాంటి అంకెల్ని ఫైళ్ళలో పెట్టడమే. సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రోగ్రాం రాసి, మధ్యలో ఎక్కడో 0.1 అని ఒక అంకె పడేస్తే, కోడ్ చూసే సీనియర్ వెంటనే పట్టుకుంటాడు. ఇదెక్కణ్ణించి వచ్చింది? ఎవరు చెప్పారు? ఎందుకు ఇంతే? జవాబు లేకపోతే దాన్ని మ్యాజిక్ నంబర్ అని ఎద్దేవా చేసి వెనక్కి పంపిస్తాడు. ఒక షాపింగ్ యాప్‌లో బొమ్మ ఏ సైజులో కనపడాలన్నదానికి కూడా ఈ మాత్రం జవాబుదారీ ఉంది. ఒక కొండకి లేదు.

ఆ అంకె ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూద్దాం. ఇవాళ ఒక గెడ్డ ఎండిపోయే పని చేశామనుకోండి. దాని నష్టం యాభై ఏళ్ళ తర్వాత ఒక ఊరికి లక్ష రూపాయలు. ఇవాళ్టి ఫైలులో ఆ లక్షని ఎంతగా రాసుకోవాలి? 12 శాతం రేటు పెడితే 346 రూపాయలు. 10 శాతం పెడితే 852. 5 శాతం పెడితే 8,720. 1.4 శాతం పెడితే 49 వేల తొమ్మిది వందల చిల్లర. గెడ్డ అదే, ఊరు అదే, నష్టం అదే. అదే నష్టం యాభై కాక వందేళ్ళ తర్వాతైతే, 10 శాతం దగ్గర లక్ష రూపాయలు కాస్తా 7 రూపాయల 26 పైసలవుతాయి. అరకు స్టేషన్లో టీ కూడా రాదు.

ఇందులో 1.4 నేను ఊహించింది కాదు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ వాతావరణ మార్పు మీద రాసిన నివేదికలో వాడిన రేటు. అదే సమస్య మీద ఏళ్ళ తరబడి పని చేసి, 2018లో నోబెల్ అందుకున్న విలియం నార్డ్‌హౌస్ అప్పట్లో 5 శాతం పైన వాడాడు. ఒకాయన ఇప్పుడే గట్టిగా పూనుకోవాలన్నాడు, ఇంకొకాయన మెల్లిగా మొదలుపెట్టవచ్చన్నాడు. వీళ్ళ మధ్య తేడాలో పెద్ద వాటా భౌతికశాస్త్రంది కాదు. మంచు ఎంత కరుగుతుందనే దాని మీద కన్నా, మనవడి రూపాయిని ఎంతకి కొనుక్కోవాలనే దాని మీదే ఇద్దరూ ఎక్కువ విడిపోయారు. 2001లో మార్టిన్ వైట్జ్‌మన్ అనే ఆర్థికవేత్త ఇంకా ముచ్చటైన పని చేశాడు. ఏ రేటు వాడాలో చెప్పమని 2,160 మంది ఆర్థికవేత్తలని అడిగాడు. సగటు 4 శాతం దగ్గర తేలింది, జవాబులు మాత్రం ఎటు పడితే అటు ఉన్నాయి. ఆయన నిజాయితీకి దణ్ణం పెట్టాలి. యురేనియం అర్ధాయువు ఎంతుంటే బాగుంటుందని భౌతికశాస్త్రవేత్తల్ని ఓటింగ్ పెట్టి అడగడం ఎక్కడైనా విన్నామా?

ఈ రేటుకి వెనక ఒక సిద్ధాంతం లేకపోలేదు. ఫ్రాంక్ రామ్సే అనే కుర్రాడు 1928లో రాసిన వ్యాసం దానికి మూలం. కుర్రాడు అనడం ఎందుకంటే 1930లో ఇరవయ్యారేళ్ళకే చనిపోయాడు. ఆ దారిలో వచ్చిన సూత్రం ప్రకారం రేటుకి రెండు ముక్కలు. ఒకటి ఓపికలేనితనం: రేపటిది రేపటిది కాబట్టే తక్కువ. ఇది నీతికి నిలవదనీ, మన ఊహాశక్తి లోపం వల్లే ఇలా చేస్తామనీ రామ్సేనే అన్నాడు. అతని పేరు మీద సూత్రం వాడేవాళ్ళు ఆ మాట తలుచుకోవడం తక్కువ. రెండో ముక్క ఎదుగుదల: రాబోయేవాళ్ళు మనకన్నా ధనవంతులవుతారు, వాళ్ళకి ఒక రూపాయి మనకంత అపురూపం కాదు, కాబట్టి వాళ్ళ రూపాయిని తగ్గించుకోవచ్చు.

ఈ రెండో ముక్క దగ్గర ఆగుదాం. ఎవరి ఎదుగుదల? మామూలుగా వాడేది దేశం మొత్తం ఎదుగుదల రేటు. బెంగుళూరులో నాలాంటివాడి జీతం పెరిగింది కాబట్టి అనంతగిరి మండలంలో ఒక పోర్జా రైతు మనవరాలికి గెడ్డనీళ్ళు తక్కువ అవసరమవుతాయని ఆ సూత్రం చెప్తోంది. సూత్రాన్ని నమ్మేవాళ్ళు దాన్ని చివరిదాకా నమ్మాలి. ఆ ఊరి ఆదాయం పెరగకపోతే రెండో ముక్క సున్నా అవుతుంది. అడవి పోయి, ఊరు లేచిపోయి, ఆదాయం తగ్గితే అది సున్నా కిందకి పోతుంది. రేటు రుణసంఖ్య కావచ్చు కూడా. అప్పుడు యాభై ఏళ్ళ తర్వాతి లక్ష ఇవాళ లక్షకి పైనే. ఇదేమీ ఉద్యమకారుల గణితం కాదు, అదే పాఠ్యపుస్తకం, అదే పేజీ.

2008 నాటి పట్టిక మూడేళ్ళకోసారి మారాల్సింది. 2022 జనవరిలో పర్యావరణ మంత్రిత్వ శాఖ పాత అంకెల్ని 1.53తో గుణించి కొత్త రేట్లు ఇచ్చింది. ధరలు పెరిగాయి కాబట్టి సరిపెట్టారు. పద్నాలుగేళ్ళలో దేశంలో చిక్కటి అడవి ఎంత అరుదైపోయింది, నీటికి ఎంత కరువొచ్చింది అనేవి ఆ గుణకారంలో లేవు. సిమెంటు బస్తా ధర సవరించే పద్ధతిలో శేషాచలానికీ, అనంతగిరికీ, నల్లమలకీ కలిపి ఒకే గుణకం.

ఈ పట్టికని మన కొండలకి పెట్టి చూద్దాం. 2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. చింతపల్లి అడవుల్లో బాక్సైటు కోసం 1,212 హెక్టార్లు ఖనిజాభివృద్ధి సంస్థకి. మన్యం భగ్గుమంది, జీవో పక్కన పెట్టారు, చివరికి 2019లో లీజు వ్యవహారం రద్దయింది. ఆ 1,212 హెక్టార్లనీ అత్యధిక రేటుతో గుణిస్తే అప్పటి పట్టిక ప్రకారం 126 కోట్ల 41 లక్షలు. గుణకారం నాదే, కావాలంటే సరిచూసుకోండి. అత్యల్ప రేటు 4 లక్షల 38 వేలతో గుణిస్తే 53 కోట్లు. హైదరాబాదులో ఓ మోస్తరు అపార్టుమెంటు టవర్‌కి అయ్యే ఖర్చు. ఈ మొత్తం కట్టేస్తే లెక్క సరిపోయినట్టే అనేది ఆ కాగితం చెప్పే మాట.

ఇక్కడిదాకా నేను చెప్పింది ప్రపంచంలో ఎక్కడైనా చెప్పగలిగిందే. మన్యానికి మాత్రమే చెందిన సంగతి ఒకటుంది. మిగతా అన్నిటికన్నా నన్ను కుదిపింది అదే.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1917లో ఒక చట్టం చేశారు. ఆ ఏడు ఒకటో నంబరు చట్టం. ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీ గురించీ, భూమి బదలాయింపు గురించీ. భూమి సంగతి అందరికీ తెలుసు. తర్వాత వచ్చిన 1959 నిబంధనకీ, 1970 సవరణకీ, వాటిమీద నడిచిన కేసులన్నిటికీ అదే ముత్తాత. వడ్డీ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందులో ఉన్నది ఇది: కొండజాతివాడి మీద ఏ అప్పుకీ ఏడాదికి 24 శాతానికి మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ అసలే చెల్లదు. మొత్తం వడ్డీ ఎన్నేళ్ళయినా అసలుకి మించకూడదు.

తెల్లవాళ్ళకి దయ పుట్టి చేశారని ఎవరూ అనుకోనక్కర్లేదు. 1879లో రంప పితూరీ లేచినప్పుడు కల్లు పన్నుతో పాటు, మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పు పత్రాలు పట్టుకుని కోర్టుకెక్కి కొండవాళ్ళ గొడ్డూ గోదా జప్తు చేయించుకోవడం కూడా కారణమని వాళ్ళ అధికారులకే తెలుసు. చక్రవడ్డీ కొండెక్కితే తుపాకీ కూడా ఎక్కించాల్సి వస్తుందని వాళ్ళకి అనుభవమయింది. కారణం ఏదైతేనేం, వంద రూపాయల అప్పు 24 శాతం చక్రవడ్డీతో యాభై ఏళ్ళకి దాదాపు 47 లక్షలవుతుంది. 1917 చట్టం ప్రకారం 200. అంతే.

అప్పు మనిషిని ఎలా మింగుతుందో సాహిత్యం చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అరకు దాటితే వచ్చే కోరాపుట్ కొండల్లో ఒక కుటుంబం షావుకారు దగ్గర గొత్తికి కుదిరి ఎలా చితికిపోయిందో గోపీనాథ్ మహంతి ‘పరజా’ నవల 1945లోనే చెప్పింది. అది చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళం, షావుకారు లెక్కని మాత్రం తిరగేసి చూడలేదు.

తిరగేయండి. చక్రవడ్డీ అంటే ఇవాళ్టి రూపాయి రేపటికి ఎంత అవుతుంది అని. డిస్కౌంటింగ్ అంటే రేపటి రూపాయి ఇవాళ్టికి ఎంత అవుతుంది అని. మొదటిది గుణకారం, రెండోది అదే అంకెతో భాగహారం. షావుకారు ముందుకి నడిపించిన సమీకరణాన్నే ప్రాజెక్టు రిపోర్టు వెనక్కి నడిపిస్తుంది. అప్పు ఇచ్చినప్పుడు కొండవాడు కట్టాల్సినదాన్ని పెంచింది అది. అడవి తీసుకునేటప్పుడు కొండవాడికి రావాల్సినదాన్ని తగ్గిస్తున్నదీ అదే. ముందుకి నడిచినప్పుడు ఇది దోపిడీ అని 1917లో ఒక వలస ప్రభుత్వానికే అర్థమై చట్టం చేసింది. వెనక్కి నడిచినప్పుడు మనం దాన్ని శాస్త్రం అంటున్నాం.

ఆ చట్టంలో ఉన్న నియమాన్నే భాగహారానికి పెడితే ఏమవుతుంది? చక్రవడ్డీ లేదు, మొత్తం వడ్డీ అసలుకి మించదు. అంటే ఏ రూపాయి అయినా ఎంత కాలానికైనా రెట్టింపుకి మించి పెరగదు. తిరగేస్తే, ఎంత దూరం భవిష్యత్తు నుంచి వచ్చే రూపాయి అయినా ఇవాళ అర్ధరూపాయికి తగ్గదు. 24 శాతం బారువడ్డీ లెక్కన నాలుగేళ్ళ రెండు నెలలకి సగం అవుతుంది, అక్కడ ఆగిపోతుంది. యాభై ఏళ్ళ తర్వాతి లక్ష ఇవాళ 50 వేలు. ఇందాక స్టెర్న్ రేటుతో వచ్చింది 49 వేల తొమ్మిది వందల చిల్లర. యాభయ్యో ఏడు దగ్గర రెండూ కలవడం కాకతాళీయమే, నిజానికి వందో ఏడు దగ్గర మన పాత చట్టం స్టెర్న్‌ని దాటిపోతుంది. కానీ లండన్‌లో 2006లో విడ్డూరంగా కనిపించిన ఉదారత మద్రాసు శాసనాల్లో ఎప్పుడో రాసిపెట్టి ఉందని చూసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎవరైనా అనవచ్చు: అప్పు వేరు, ప్రాజెక్టు లెక్క వేరు, చట్టాన్ని అలా లాక్కురాకూడదు. నిజమే, ఏ కోర్టూ దీన్ని ఒప్పుకోదు. నేను న్యాయవాదిని కాను, కోర్టులో వాదించడం కోసం రాయడం లేదు కూడా. ఒక రేటుని మనిషి ఎంచుకుంటాడు, ఎంచుకున్నప్పుడు ఎవరి మీద పడుతుందో చూసి ఎంచుకోవచ్చు, ఒకప్పుడు ఈ కొండల్లోనే అలా ఎంచుకున్నారు. అది నిరూపించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇంతసేపూ లెక్కలు వేసేవాళ్ళని తిట్టాను. ఇప్పుడు లెక్కలు మానేసినవాళ్ళ వంతు. వాళ్ళలో చాలామంది మన మిత్రులే. అరకు అనగానే ధింసా, వలిసెపూల పసుపు, కాఫీ తోటల మంచు, అడవితల్లి. ఎన్.పి.వి. అనగానే ‘తల్లికి వెల కడతారా’ అని ఒక కవిత. కవిత మీద నాకు కోపం లేదు, ఆ ప్రశ్న సబబైనదే. కానీ ఫైలులో ఒక గడి ఉంటుంది. అందులో నువ్వు అంకె వెయ్యనంటే అది ఖాళీగా ఉండదు, కూడేవాడు దాన్ని సున్నాగా చదువుకుంటాడు. కంప్యూటరైతే మరీను. వెలకట్టలేనిది అని మనం గౌరవంగా వదిలేసిన ప్రతిదీ అవతలివాడి పట్టికలో వెలలేనిదిగా చేరిపోయింది. గణితం పెట్టుబడిదారుల భాష అనే మాట కూడా ఈమధ్య తరచుగా వింటున్నాను. బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా తెలియకపోవడం వల్ల ఏ షావుకారు నష్టపోయాడో ఆ మాట అన్నవాళ్ళు చెప్పాలి.

అమెరికాలో స్నేక్ నది మీద హెల్స్ కాన్యన్ అనే లోయ ఉంది. అక్కడ జలవిద్యుత్తు కోసం డ్యాము కట్టాలని ప్రతిపాదన వస్తే, జాన్ క్రుటిల్లా, ఆంథొనీ ఫిషర్ అనే ఆర్థికవేత్తలు ఎదురులెక్క వేశారు. వాళ్ళ వాదన చాలా తేలిక. కరెంటు చేసుకునే మార్గాలు టెక్నాలజీతో చవకవుతూ పోతాయి, ఎవరూ ముట్టని లోయలు మాత్రం కొత్తగా పుట్టవు. కాబట్టి డ్యాము లాభం ఏటేటా తరుగుతుంది, లోయ విలువ ఏటేటా పెరుగుతుంది. ఈ రెండు వేగాల్నీ సమీకరణంలో పెట్టారు. మిగతాదంతా మామూలు డిస్కౌంటింగే. ఆ డ్యాము కట్టలేదు, 1975లో ఆ లోయని రక్షిత ప్రాంతం చేశారు. లెక్క ఒక్కటే ఆపిందని నేననను, రాజకీయం చాలా నడిచింది. కానీ ఆ గడిలో సున్నా లేకుండా చూసింది లెక్కే.

ఇలాంటి ఎదురులెక్కకి మన దగ్గర ముడిసరుకు లేదా? బొర్రా గుహల గుండా పారే గోస్తని తాటిపూడి జలాశయం మీదుగా విశాఖపట్నం కుళాయిల్లోకి వస్తుంది. ఆ కొండల్లో నీటికి అయ్యే నష్టం గిరిజనుడి ఇంటికే పరిమితం కాదు, ఎం.వి.పి. కాలనీలో ఫ్లాట్ కొనుక్కున్నవాడి ఇంటికీ వస్తుంది. ఆ నీళ్ళు వేరే చోటు నుంచి తేవాలంటే ఎంత, ఏటేటా ఆ ఖర్చు ఎంత పెరుగుతుంది అనేది ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు ఒక సెమిస్టర్‌లో చెయ్యగల ప్రాజెక్టు. మనం వాళ్ళచేత ఇంకా లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేయిస్తున్నాం.

కొలిచిన అంకె, నిర్ణయించిన అంకె ఒకే వాక్యంలో ఎలా కలిసిపోతాయో చూడాలంటే అరకు కాఫీతోటలకే వెళ్ళొచ్చు. నాంది ఫౌండేషన్, డనోన్ చొరవతో మొదలైన లైవ్‌లీహుడ్స్ ఫండ్ కలిసి అక్కడి రైతులచేత పెద్దయెత్తున చెట్లు నాటించాయి, దానికి ప్రతిఫలం కార్బన్ క్రెడిట్లు. ఇలాంటి చోట చెట్టు ఎంత బొగ్గుపులుసు వాయువు దాచుకుందో తేల్చడానికి ముందు ఛాతీ ఎత్తున మాను చుట్టుకొలత తీస్తారు. దాన్నుంచి చెట్టు బరువు అంచనా కడతారు, ఎండు బరువులో దాదాపు సగం కార్బన్, దాన్ని 44తో గుణించి 12తో భాగిస్తే వాయువు బరువు. ఇదంతా కొలత. తప్పులుండొచ్చు, ఇంకోడొచ్చి టేపు పెట్టి సరిచెయ్యొచ్చు. ఆ తర్వాత టన్నుకి ఇన్ని యూరోలు అని గుణిస్తారు. ఆ ఒక్క గుణకారం దగ్గర టేపు పని అయిపోయి బేరం మొదలవుతుంది. రైతుకి ముట్టిన మొత్తం చివరికి ఒకే అంకెగా కనిపిస్తుంది, అందులో చెట్టు చెప్పింది ఎంతో, కొన్నవాడు చెప్పింది ఎంతో విడదీసి ఎవరూ చూపించరు. ఆ పథకం మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పడం లేదు. బేరం ఉన్నచోట బేరమాడే హక్కు ఉందని రైతుకి తెలియాలి కదా!

నిర్ణయాన్ని నిర్ణయంగానే చెప్పిన సందర్భం కూడా మన కొండల్లోనే ఉంది. బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదంది. గనులు నడిచేచోట నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడివాళ్ళ కోసం తీసి పెట్టాలంది. ఆ 20 ఏ సమీకరణం నుంచీ రాలేదు. 15 ఎందుకు కాదు, 30 ఎందుకు కాదు అని అడగొచ్చు, వాదించొచ్చు. న్యాయమూర్తులు ఇది న్యాయమనిపించి పెట్టాం అన్నట్టే పెట్టారు. నాకు ఆ అంకె మీద ఉన్న గౌరవం 10.43 మీద లేదు. తర్వాత అదే తీర్పులో వదిలిన సందులోంచి ప్రభుత్వ సంస్థ పేరు మీద బాక్సైటు తవ్వి ప్రైవేటు ఫ్యాక్టరీలకి ఇచ్చే ఒప్పందాలు 2005 నుంచీ మొదలయ్యాయి, అది ఇంకో కథ.

ఇదే కనుమల్లో ఒడిశావైపు నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అక్కడి గ్రామసభల్ని అడగమంది. పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోదుల దేవుడి కొండకి డిస్కౌంట్ రేటు ఎంతని ఆ సభల్లో ఎవరూ అడిగుండరు. అడిగుంటే వాళ్ళిచ్చిన జవాబు సున్నా అని నాకు అర్థమయింది.

బాక్సైటు ఊసు ప్రస్తుతానికి తగ్గింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీదకి పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు వస్తున్నాయి. సోలార్ కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, కావలసినప్పుడు కిందకి వదిలి కరెంటు తీసే పద్ధతి. వాతావరణానికి మేలు చేసే పనే అంటున్నారు, కావచ్చు. వాటికీ రిపోర్టులుంటాయి. వాటి ఆర్థిక అధ్యాయంలో ఏదో ఒక పేజీలో, ఒక పట్టిక కింద, చిన్న అక్షరాలతో ఆ రేటు ఉంటుంది. గ్రామసభలో మైకు పట్టుకుని ఉద్యోగాల గురించీ, రోడ్ల గురించీ చెప్పే అధికారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ పేజీ నంబరు. అదే పట్టికని మూడు నిలువు గడులతో మళ్ళీ వేసి, తెలుగులోనూ, కోదు భాష తెలిసినవాడిచేత నోటితోనూ చెప్పించమనాలి: కంపెనీ పెట్టిన రేటుతో ఒకటి, 1.4 శాతంతో ఒకటి, 1917 చట్టం ప్రకారం ఒకటి. మూడో గడి నింపడానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. నాలుగేళ్ళ రెండు నెలలు దాటిన ప్రతి అంకెనీ సగం చెయ్యడమే.